బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ల క్యాలిబ్రేషన్‌కి స్కానర్ చాలు, ఆటో సెట్టింగ్‌లన్నీ ఆపితే

ఇంక్‌జెట్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు వేస్తే నీడలు ముద్దకట్టి వస్తున్నాయి, స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగులు కొలిచే పరికరం) కొనాలా, ఇంట్లో ఉన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ సరిపోతుందా అని అడిగారు. కొనక్కర్లేదు. టోన్లను లీనియరైజ్ చేయడానికి, అంటే తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు సమంగా వచ్చేలా సరిచేయడానికి, స్కానర్ చాలు. స్కానర్‌తో కొలతలు కుదరవని కొట్టిపారేసేవాళ్లు చాలామంది దాన్ని ఆటో ఎక్స్‌పోజర్‌లోనే వాడి ఉంటారు. అది ప్రతి స్కాన్‌కీ తెలుపు, నలుపు ఎక్కడుండాలో కొత్తగా తేల్చుకుంటుంది. కొలబద్దే సాగుతుంటే కొలత ఎక్కడ నిలుస్తుంది?

స్కానర్ తెరిచే ముందు ఇంక్ లిమిట్ (కాగితం మీద పడే ఇంకుకి హద్దు) చూడండి. నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలు మూసుకుపోలేదని చూసే టెస్ట్ ప్రింట్) శుభ్రంగా వచ్చాక, 0 నుంచి 100 వరకు 5 శాతం తేడాతో 21 గడుల టార్గెట్‌ని (కొలవడానికి వేసే టెస్ట్ పట్టీని) కలర్ మేనేజ్‌మెంట్ ఆపి ప్రింట్ చేయండి. 85 తర్వాత గడులన్నీ ఒకే నలుపుగా ఉన్నా, 100 గడి 90 కంటే తేలిపోయినా, కాగితం పట్టేదానికంటే ఎక్కువ ఇంకు పడుతోందని అర్థం. క్వాడ్‌టోన్ రిప్ (డ్రైవర్ బదులు వాడే బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్) వాడుతుంటే ఇంక్ లిమిట్ తగ్గించండి, మామూలు డ్రైవర్ అయితే మీడియా టైప్ మార్చి చూడండి. ప్రింట్‌లో లేని తేడాని టోన్లు సరిచేసే ఏ కర్వూ పుట్టించలేదు. ఇదంతా వదిలేసి మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించమనే సలహాలు చూస్తే ఒళ్లు మండుతుంది.

లిమిట్ కుదిరాక టార్గెట్ మళ్లీ వేసి ఒక రోజు ఆరనివ్వండి. స్కానర్‌లో ఆటో ఎక్స్‌పోజర్, షార్పెనింగ్, కలర్ కరెక్షన్, డస్ట్ రిమూవల్ అన్నీ ఆపండి. 16 బిట్ గ్రేస్కేల్, 300 డీపీఐ చాలు. పాత ఫ్లోరోసెంట్ లైటు స్కానర్ అయితే పావుగంట వేడెక్కనివ్వండి. కాగితం తెలుపు, 8 బిట్ లెక్కలో చెప్పాలంటే, 255 తాకకుండా 240 దగ్గర ఉండేలా ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. డెన్సిటీలు (ఎంత నలుపో చెప్పే అంకెలు) తెలిసిన గ్రే స్కేల్, అంటే తెలుపు నుంచి నలుపు దాకా మెట్లున్న పట్టీ ఒకటి టార్గెట్ పక్కనే పెట్టి రెండూ ఒకే స్కాన్‌లో తీయాలి. కొడాక్ క్యూ-13 అనే స్కేలులో 20 మెట్లుంటాయి, మెట్టుకి 0.10 తేడా. మ్యాట్ కాగితం నలుపు సాధారణంగా 1.6, 1.7 దగ్గర ఆగుతుంది కాబట్టి ఆ స్కేలు సరిపోతుంది. గ్లాసీ నలుపు 2 దాటితే చాలదు.

ఎక్కువమంది దెబ్బతినేది గాజు కింద చెదిరే కాంతి దగ్గర. దాన్ని మీ కళ్లతో చూడొచ్చు. 100 శాతం గడి ఒక్కటే కత్తిరించి, చుట్టూ తెల్లకాగితం పెట్టి స్కాన్ చేయండి. తర్వాత దాన్ని కదపకుండా చుట్టూ నల్ల అట్ట పెట్టి స్కాన్ చేయండి. అదే గడి, రెండు అంకెలు. డెన్సిటీ 1.65 ఉన్న నలుపు వెనక్కి పంపేది 2.2 శాతం కాంతే. పక్క తెలుపు నుంచి అర శాతం వచ్చి కలిసినా అది 1.56గా కనిపిస్తుంది. టార్గెట్‌లో ఒక నల్ల గడి తెలుపు పక్కన, ఇంకోటి నలుపు పక్కన ఉంటే ఆ తేడా కర్వ్‌లో గుబ్బ అవుతుంది, గ్రేడియెంట్ వేసినప్పుడు చారగా తేలుతుంది. అందుకే నల్ల అట్టలో కిటికీ కోసి టార్గెట్, స్కేలు రెండూ అందులోంచే కనిపించేలా పెట్టండి, గడుల మధ్య తెల్ల ఖాళీలు వదలకండి. గరుకు కాగితమైతే 180 డిగ్రీలు తిప్పి ఇంకో స్కాన్ తీసి సగటు వేయండి.

ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి గడి మధ్య సగభాగం సగటు తీసుకోండి, అంచులు వద్దు. స్కేలు అంకెల సాయంతో వాటిని డెన్సిటీలుగా, అక్కణ్నుంచి ఎల్‌స్టార్‌గా (కంటికి తోచే వెలుగుని 0 నుంచి 100 వరకు చెప్పే కొలతగా) మార్చండి. డెన్సిటీని సమాన భాగాలు చేయడం తప్పు, కంటికి సమంగా అనిపించేది ఎల్‌స్టార్. కాగితం 96, నలుపు 16 అయితే 50 శాతం గడి 56 దగ్గర, అంటే సుమారు 0.62 డెన్సిటీ దగ్గర పడాలి. రిప్ ఉంటే విలువలు దాని లీనియరైజేషన్‌లో ఇవ్వండి, లేకపోతే ఎడిటర్‌లో కర్వ్‌గా దాచుకుని ప్రింట్‌కి ముందు వేయండి. ఆ కర్వ్‌తో టార్గెట్ మళ్లీ ప్రింట్ చేసి కొలవండి. ఏ గడీ 1.5 ఎల్‌స్టార్ మించి తప్పకపోతే చాలు.

గ్రేలో పచ్చదనమో గులాబీ ఛాయో ఉందా అన్న ప్రశ్నకి మాత్రం స్కానర్‌ని నమ్మకండి. అది రంగుల్ని మన కంటిలా చూడదు, పైగా కాగితంలోని బ్రైట్‌నర్లు (తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు) దాన్ని ఇంకా తప్పుదారి పట్టిస్తాయి. ప్రింట్‌ని పగటి వెలుగులో పెట్టి కంటితో చూసుకోండి. కాగితం మారినా, ఇంకు మారినా కర్వ్ మళ్లీ చేయాల్సిందే. అదే ఇంకు కొత్త క్యాట్రిడ్జ్ వేసినప్పుడు మాత్రం 25, 50, 75, 100 గడులు కొలిచి చూసుకుంటే సరిపోతుంది.