గాలి తగ్గితే గ్యాసు అనుకోకండి

సెలవులకు కూకట్‌పల్లిలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చిన నాకు మొన్న రాత్రి డాలస్ నుంచి మేనల్లుడు ఫోను చేశాడు. వాడు అక్కడికి వెళ్లి రెండు నెలలైంది. అద్దె ఇంట్లో ఏసీ గాలి సరిగా రావడం లేదని చెప్పి, "గ్యాస్ అయిపోయిందేమో మామయ్యా, నింపించడానికి ఎంతవుతుంది?" అని అడిగాడు. హైదరాబాదులో పెరిగిన వారికి మొదట తోచేది అదే కనుక వాణ్ని తప్పుపట్టలేదు. కానీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. పైగా గాలిని చల్లబరచడం గ్యాసు పని, తోయడం ఫ్యాను పని. కాబట్టి గాలి తక్కువగా వస్తోందా, లేక బాగానే వస్తూ చల్లగా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇక్కడ గదికొక స్ప్లిట్ ఏసీ ఉంటుంది. అమెరికా ఇళ్లలో ఎక్కువగా ఇంటంతటికీ ఒకటే యంత్రం ఉండి, డక్టుల (గాలి గొట్టాల) ద్వారా గదులన్నిటికీ గాలిని పంపి, గోడకో సీలింగుకో ఉన్న ఒక పెద్ద జాలీ ద్వారా దాన్ని తిరిగి లాక్కుంటుంది. ఫిల్టరు ఆ జాలీ వెనకో, యంత్రం పక్కనో ఉంటుంది. గాలి తగ్గినప్పుడు మొదట చూడవలసింది దాన్నే. మా నాన్నగారు ఆదివారాలు ఏసీ ఫిల్టరు తీసి, కుళాయి కింద కడిగి, బాల్కనీలో ఆరబెట్టడం చూస్తూ పెరిగిన నేను, టెక్సాస్‌లో మొదటి వేసవిలో అట్ట చట్రంలో మడతలు మడతలుగా ఉన్న ఫిల్టరును అలాగే కడిగాను. అది తడిసిన అప్పడంలా చేతిలోనే వంగిపోయింది. అవి కడిగేవి కావు, ఒకటి నుంచి మూడు నెలలకొకసారి మార్చేవి. 16, 25, 1 అంగుళాల వంటి కొలత చట్రం మీదే ఉంటుంది. అదే కొలతది తెచ్చి, బాణం గుర్తు యంత్రం వైపు ఉండేలా పెట్టాలి. ఎక్కువ వడపోస్తుంది కదా అని అంగుళం మందంలో మెర్వ్ (ఫిల్టరు ఎంత సన్నని దుమ్మును ఆపుతుందో చెప్పే అంకె) 13 ఉన్నది కొంటే, కొన్ని ఇళ్లలో గాలికి అదే అడ్డమవుతుంది. మామూలు ఇంటికి మెర్వ్ 8 చాలని నా అభిప్రాయం.

ఫిల్టరు శుభ్రంగా ఉన్నా గాలి రాకపోతే, నల్లటి ఫోము తొడుగు ఉన్న లావు రాగి గొట్టాన్ని చూడండి. దాని మీద నీటి చెమట పట్టడం మామూలే. తెల్లగా మంచు పేరుకుంటే మాత్రం గాలిని చల్లబరిచే లోపలి కాయిలు (గొట్టాల చుట్ట) గడ్డకట్టి గాలికి దారి మూసుకుపోయిందన్న మాట. అప్పుడు థర్మోస్టాట్‌లో కూలింగ్ ఆపి, ఫ్యాన్‌ను మాత్రం ఆన్‌లో ఉంచి, కొన్ని గంటలు కరగనివ్వాలి, చాకుతో గీకకూడదు. కొత్త ఫిల్టరుతోనూ మళ్లీ మంచు కడితే అప్పుడు గ్యాసు లీకును అనుమానించవచ్చు. మా వాడి అనుమానంలో ఆ మేరకు నిజం లేకపోలేదు. అయితే గ్యాసును ముట్టుకోవడానికి అమెరికాలో ఈపీఏ (అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ) ధ్రువీకరణ ఉన్న మెకానిక్కే అర్హుడు.

ఇంకొక పరీక్షకు వంటింటి థర్మామీటరు చాలు. జాలీ దగ్గర లోపలికి పోయే గాలికీ, గదిలోకి వచ్చే గాలికీ మధ్య సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది. తేడా అంతకు మించి, వచ్చే గాలి మాత్రం నీరసంగా ఉంటే లోపం గాలి దారిలోనే ఉందనుకోవచ్చు. ఒక్క గదిలోనే తగ్గితే గాలి వచ్చే వెంట్ మూసుకుందేమో, సోఫా అడ్డుగా ఉందేమో చూడండి. అటక మీద మెత్తటి డక్టు మడత పడటమో, ఊడిపోవడమో కూడా జరుగుతుంది కానీ, అద్దెకున్నవారు అక్కడికి ఎక్కవద్దు. వేసవిలో ఆ వేడికి కళ్లు తిరుగుతాయి. ఆ పని మెయింటెనెన్స్ వారిదే. వారికి ఫోనులో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా తెలియజేయండి.

మర్నాడు మేనల్లుడు ఫిల్టరు ఫోటో పంపాడు. మడతలు కనిపించనంతగా బూడిదరంగు దుమ్ము పట్టి ఉంది. అట్ట అంచున ఎవరో పెన్నుతో వేసిన తేదీ ఏడాది కిందటిది. కొత్తది పెట్టాక హాల్లో గాలి బాగా వచ్చిందట. పడకగదిలో మాత్రం ఇంకా తక్కువగానే ఉందంటే, మెయింటెనెన్స్‌కు రాయమన్నాను.