నిరూపణలు అప్పజెప్పే ఎమ్మెస్సీ విద్యార్థులు, చిన్న ప్రశ్నకే ఆగిపోతుంటే ఏం చేయాలి?

మీ మొదటి సంవత్సరం విద్యార్థులు సిద్ధాంతాల నిరూపణలను పొల్లు పోకుండా రాస్తున్నారనీ, ఒక్క షరతు తీసేసి అడిగితే మాత్రం మౌనంగా నిలబడిపోతున్నారనీ, వాళ్లకు మరిన్ని లెక్కలివ్వాలో లేక లెక్చరర్ అర్హతకు రాసే నెట్ పరీక్ష వైపు తిప్పాలో తెలియడం లేదనీ రాశారు. ఇరవై ఏళ్లకు పైగా రియల్ అనాలిసిస్ బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ప్రస్తుతానికి ఆ రెండూ వద్దు. ముందు వాళ్లు నిర్వచనాన్ని తమ మాటల్లో చెప్పగలగాలి, ఆ తరువాత దాన్ని సరిగ్గా కాదనగలగాలి.

నేను చేరిన కొత్తలో సిలబస్ పూర్తి చేయడమే బోధన అనుకునేదాన్ని. నాలుగో ఏడాది కాబోలు, డిగ్రీ దాకా తెలుగు మీడియంలో మంచి మార్కులతో చదివి వచ్చిన ఒక అమ్మాయి క్లాసు అయ్యాక నా దగ్గరకు వచ్చి, "మేడమ్, ఎప్సిలాన్ ముందా, డెల్టా ముందా? రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి కదా?" అని అడిగింది. ఆమె అడిగింది అవిచ్ఛిన్నత నిర్వచనం గురించి: ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా దొరకాలి, బిందువుల మధ్య దూరం డెల్టా కంటే తక్కువైతే ప్రమేయం విలువల తేడా ఎప్సిలాన్ కంటే తక్కువ కావాలి. పరీక్షలో ఆ నిర్వచనానికి ఆమెకు పూర్తి మార్కులు వేసింది నేనే. ఆమె ఇబ్బంది "ప్రతి", "ఒక" అనే రెండు మాటల వరుసలో ఉందనీ, ఆ వరుసను నేను ఏ రోజూ విడమరిచి చెప్పలేదనీ అప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి మొదటి రెండు వారాలు దీనికే కేటాయిస్తున్నాను. "ప్రతి ఊరికీ ఒక బస్సు ఉంది", "అన్ని ఊళ్లకూ వెళ్లే బస్సు ఒకటి ఉంది" అనే రెండు వాక్యాలు బోర్డు మీద రాసి తేడా అడుగుతాను. ఇది తెలియనివారు ఉండరు. అయితే అవిచ్ఛిన్నతకూ ఏకరూప అవిచ్ఛిన్నతకూ ఉన్న తేడా కూడా ఇదే: మొదటిదానిలో ఒక్కో బిందువుకు ఒక్కో డెల్టా ఉన్నా సరిపోతుంది, రెండోదానిలో ఒకే డెల్టా అన్ని బిందువులకూ పనిచేయాలి. తరువాత మొదటి వాక్యాన్ని కాదనమంటే సగం మంది "ఏ ఊరికీ బస్సు లేదు" అని రాస్తారు. "బస్సు లేని ఊరు కనీసం ఒకటి ఉంది" అన్న జవాబు తోటి విద్యార్థి నోటి నుంచే వచ్చేదాకా నేను ఆగుతాను. అది వచ్చాక, వర్గ ప్రమేయం వాస్తవ సంఖ్యలన్నిటి మీదా ఏకరూపంగా అవిచ్ఛిన్నం కాదని చూపడం వాళ్లకే సాధ్యమవుతుంది. ఎప్సిలాన్‌ను 1గా తీసుకుంటే, డెల్టా ఎంత చిన్నదైనా సరే, 1/డెల్టా అనే బిందువునూ, దానికి కుడివైపు సగం డెల్టా దూరంలో ఉన్న బిందువునూ ఎంచుకుంటే వాటి వర్గాల తేడా 1ని దాటిపోతుంది. ఈ చర్చంతా తెలుగులోనే జరగనివ్వండి. ఇంగ్లీషులో రాయడం మరుసటి రోజు పని.

ఈ పొరపాటు తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదని వాళ్లకు తప్పక చెప్పండి. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే, అంటే పదాలు కూడుతూ పోతే ఒక విలువకు చేరువైతే, దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని 1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ అంతటివాడు రాశాడు. సైన్ పదాలతో కూడిన ఒక శ్రేణికి అది వర్తించదని 1826లో నార్వే గణితవేత్త ఆబెల్ చూపాడు. అక్కడ లోపించింది కూడా ఏకరూపతే. ఈ సంగతి విన్న రోజున తరగతిలో బెరుకు కొంత తగ్గడం నేను ప్రతి ఏడూ గమనిస్తున్నాను.

నెట్ సంగతి మూడో సెమిస్టర్‌లో చూసుకోవచ్చు. ఆసక్తి ఉన్నవారిని మాత్రం 1993 నుంచి జరుగుతున్న ఎం.టి.టి.ఎస్. (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిబిరాలకు దరఖాస్తు చేయించండి. నా దగ్గర నుంచి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చాక నన్ను ప్రశ్నలతో నిలదీశారు, అంతకంటే సంతోషం నాకు లేదు.

ఇక అసలు నోరు విప్పనివారి గురించి. వాళ్లను అందరి ముందు నిలబెట్టి అడగకండి. వారానికి ఒక గంట ఖాళీ తరగతి గది తీసుకుని, ఇద్దరిద్దరిని బోర్డు దగ్గరకు పంపి, ఒకరికొకరు ఒకే నిర్వచనం వివరించుకోమనండి. మీరు చివరి బెంచీలో కూర్చోండి. తప్పు దొర్లినా వెంటనే లేవకండి, ఎందుకంటే మనం సుద్దముక్క చేతిలోకి తీసుకున్న క్షణాన వాళ్లు మళ్లీ నోట్సు రాసుకోవడం మొదలుపెడతారు.