నలుపు ఫర్నిచరా, నల్ల ఫర్నిచరా, నల్లటి ఫర్నిచరా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. ఇల్లు సర్దుకోవడం గురించి చిన్న చిన్న వ్యాసాలు రాస్తుంటాను. ఈసారి బ్లాక్ ఫర్నిచర్‌తో కోజీ బెడ్‌రూమ్ ఎలా చేసుకోవచ్చో రాద్దామని కూర్చుంటే మొదటి లైన్లోనే ఆగిపోయాను. నలుపు ఫర్నిచర్ అనాలా, నల్ల ఫర్నిచర్ అనాలా, లేకపోతే నల్లని, నల్లటి అనాలా? కోజీ అనే మాటకి తెలుగేంటి? చివరికి ఇలా రాశాను: "నలుపు ఫర్నిచర్ మీ పడకగదికి ఒక వెచ్చని మరియు సౌకర్యవంతమైన రూపాన్ని ఇస్తుంది." చదువుకుంటే నాకే ఏదోలా ఉంది, తప్పెక్కడుందో మాత్రం దొరకట్లేదు. ఇంకో చిన్న డౌటు, నిలువు అద్దమా, నిలువుటద్దమా?

సమాధానం: నమస్కారం అమ్మా. మీకే ఏదోలా ఉందన్నారు చూడండి, ఆ చెవిని నమ్ముకోండి. మీ వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ మన ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, అందుకే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు మీకు. ఒక్కొక్కటీ విప్పుకుంటూ వెళ్దాం, ముందు నలుపు సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు అడిగినదాంట్లో నాకు బాగా ఇష్టమైన ముక్క అదే.

నలుపు అనేది రంగు పేరు. అది నామవాచకం. తెలుపు, ఎరుపు కూడా అంతే. "నాకు నలుపంటే ఇష్టం", "గోడకి తెలుపు వేయించాం" అంటాం. ఆ రంగుని ఒక వస్తువు పక్కన పెట్టి చెప్పాలంటే మాత్రం నలుపు కాస్తా నల్ల అవుతుంది, తెలుపు తెల్ల అవుతుంది, ఎరుపు ఎర్ర అవుతుంది. నల్ల కోటు, తెల్ల గుడ్డ, ఎర్ర రిబ్బన్. ఈ మార్పు చిన్నపిల్లలు కూడా ఎవరూ నేర్పకుండానే చేసేస్తారు, ఎర్ర బంతి ఇమ్మంటారు గానీ ఎరుపు బంతి ఇమ్మనరు. అందుకని "నలుపు ఫర్నిచర్" అన్నప్పుడు చెవికి కొంచెం గరుకుగా తగులుతుంది. మధ్యలో "రంగు" వేస్తే ఆ గరుకు పోతుంది, "నలుపు రంగు మంచం" నిక్షేపంగా ఉంటుంది, అక్కడ నలుపు రంగుకి పేరుగా నిలబడింది కాబట్టి. అలాగే వస్తువు వివరాల పట్టికలో "రంగు: నలుపు" అనే రాయాలి, "రంగు: నల్ల" అని రాయకూడదు. "నలుపు మంచం" అనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, బ్లాక్ బెడ్ అనే మాటని ఉన్నదున్నట్టు దించుకోవడం వల్ల వచ్చింది అది, ఘోరమైన తప్పు అనను గానీ నేనైతే రాయను.

సరే, అయితే "నల్ల" అని అన్నిటికీ తగిలించేద్దామా అంటే అక్కడో మెలిక ఉంది, అదీ సరిగ్గా మీ ఫర్నిచర్ దగ్గరే వచ్చింది. ఒకసారి నేనొక అనువాదం దిద్దుతున్నాను. "ఆమె గాజు కూజా తీసుకొచ్చి నల్లబల్ల మీద పెట్టింది" అని ఉంది అందులో. రెండుసార్లు చదివాను. గోడకి ఉండే నల్లబల్ల మీద కూజా ఎలా నిలబడుతుంది? మూలం చూస్తే అక్కడున్నది నల్ల రంగు టేబుల్. తెలుగులో బల్ల అంటే చెక్క పలకా అవుతుంది, టేబులూ అవుతుంది, కానీ నల్లబల్ల అని కలిపేసరికి అది ఇక బడిలో రాసే బోర్డే. దానికి ఆకుపచ్చ రంగు వేసినా నల్లబల్లే అంటాం, అంటే ఆ మాటలో నల్ల అనేది రంగు చెప్పే పని మానేసి పేరులో భాగం అయిపోయింది. నల్లమందు, నల్లధనం కూడా అంతే, నల్లధనం నోట్లు ఏ రంగులో ఉంటాయని ఎవరూ అడగరు కదా. నల్లజెండా అంటే నిరసన, నల్లకోటు అంటే లాయరుగారు. "నల్ల" వెళ్ళి పక్క మాటకి అతుక్కుందంటే ఆ రెండూ కలిసి కొత్త అర్థం పుట్టించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఆ ఇబ్బంది లేకుండా కేవలం రంగు చెప్పాలనుకున్నప్పుడు పనికొచ్చేవే నల్లని, నల్లటి. "నల్లటి బల్ల మీద కూజా పెట్టింది" అంటే ఇక అనుమానం లేదు, టేబులే. ఆ ఒక్క "టి" మాటల మధ్య చిన్న ఎడం పెట్టి, అతుక్కోనివ్వకుండా చూసుకుంటుంది. మరి నల్లనికీ నల్లటికీ తేడా ఏంటంటే అర్థంలో తేడా లేదు, రుచిలో ఉంది. నల్లని అనేది కాస్త రాతలోది, పాటలోది, సున్నితంగా ఉంటుంది. నల్లటి నోట్లోంచి వచ్చేది, కాస్త బరువు కూడా ఉంటుంది దానికి, నల్లటి మబ్బు అన్నప్పుడు ఆ మబ్బు నిండా నీళ్ళున్నట్టు ఉంటుంది. మీ వ్యాసం మాట్లాడుతున్నట్టు సాగేది కాబట్టి "నల్లటి ఫర్నిచర్", "నల్లటి మంచం" అని రాయండి. ఈ "టి" అన్ని రంగులకీ రాదు, తెల్లటి, ఎర్రటి, పచ్చటి దాకా సరే, నీలటి, గులాబీటి, బూడిదటి అనం. వాటికి నీలం రంగు, గులాబీ రంగు, బూడిద రంగు అనాల్సిందే.

ఇంకో మాట. డార్క్, లైట్ అనడానికి ముదురు, లేత అంటాం, ఆకులకి కూడా ఆ మాటలే వాడతాం, చిగురు లేత, పండబోయే ఆకు ముదురు. ముదురు నీలం, లేత ఎరుపు బాగుంటాయి. నలుపు దగ్గరకొచ్చేసరికి ఇవి కుదరవు, లేత నలుపు అంటే ఏ రంగో కంటికి ఆనదు. కొంచెం వెలిసినట్టుండే నలుపైతే బొగ్గు రంగు అనండి. మరీ చిక్కటి నలుపైతే కారునలుపు అనండి, కారు అనే పాత మాటకి అర్థమే నలుపు, కారుచీకటి, కారుమబ్బు అందులోంచే వచ్చాయి. కాకపోతే కలిపి రాయండమ్మా, విడదీసి "కారు నలుపు" అంటే వాకిట్లో నిలబెట్టిన కారు రంగు చెప్తున్నారనుకుంటారు.

మెరుపు గురించి కూడా మీ వ్యాసంలో వస్తుంది ఎలాగూ, గ్లాసీ, మాట్ అని. నల్లటి వస్తువు మెరుపుకి తెలుగులో చక్కగా అతికే ఒక మాట ఉంది, నిగనిగ. నూనె రాసిన జుట్టు నిగనిగలాడుతుంది, పాలిష్ పట్టిన నల్లటి చెక్క నిగనిగలాడుతుంది. తోమిన ఇత్తడి తళతళలాడుతుంది, బంగారం ధగధగలాడుతుంది, చుక్కలు మిలమిలలాడతాయి. ఒక్కో మెరుపుకి ఒక్కో చప్పుడు కట్టుకున్న భాష ఇది, అన్నిటికీ "షైనింగ్‌గా ఉంది" అనేస్తే ఎంత పోగొట్టుకుంటామో చూడండి. మాట్ నలుపుని "మెరుపు లేని నలుపు" అంటే చాలు. నిగనిగలాడే నలుపు మీద దుమ్మూ వేలిముద్రలూ ఇట్టే కనిపిస్తాయి కాబట్టి పడుకునే గదిలోకి మెరుపు లేనిదే హాయి అని మీరు రాయబోతారేమో, ఆ వాక్యానికి ఈ రెండు మాటలూ సరిపోతాయి.

ఇక ఫర్నిచర్. దీనికి తెలుగు వెతకద్దు. గృహోపకరణాలు అంటే ఇప్పుడు అందరికీ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ గుర్తొస్తాయి, మంచం గుర్తురాదు. చెక్క సామాను అనచ్చు గానీ ఇనప మంచం ఉంటే అబద్ధమైపోతుంది. ఫర్నిచర్ మన మాటైపోయింది, ఉంచేయండి, కాకపోతే ఫర్నిచర్లు అనకండి, సామానులాగే అదీ మొత్తాన్ని చెప్పే మాట. విడివిడిగా చెప్పేటప్పుడు మాత్రం మంచం, పరుపు, దిండు, దుప్పటి, బీరువా, సొరుగు, ఇన్ని మాటలు మన దగ్గరుండగా బెడ్, మాట్రెస్, పిల్లో, డ్రాయర్ అని రాయడం నాకు బాధగా ఉంటుంది. సొరుగు అనే మాట ముఖ్యంగా, నెమ్మదిగా జారిపోతోంది అది.

ఇప్పుడు అసలు చిక్కుముడి, కోజీ. దీనికి ఒక్క మాట లేదు తెలుగులో, లేకపోవడం లోటు కాదు. ఆ మాటలో మూడు సంగతులు ఉన్నాయి. గది చిన్నదైనా అన్నీ ఒద్దికగా అమరి ఉండటం, ఒంటికి వెచ్చగా ఉండటం, మనసుకి హాయిగా ఉండటం. మొదటిదానికి పొందిక అనే చక్కటి మాట ఉంది, పొందికైన గది అంటే ఇరుగ్గా లేకుండా, ఖాళీగానూ లేకుండా ఉండే గది. రెండోదానికి వెచ్చదనం, మూడోదానికి హాయి. మీ వాక్యం ఎక్కడ ఉందో చూసుకుని మూడింట్లో ఏది కావాలో అది వాడుకోవాలి. మీరు వాడిన సౌకర్యం మాత్రం వీటిలో ఏదీ కాదు, అది సుకరం నుంచి వచ్చిన సంస్కృత మాట, పని తేలిగ్గా జరిగే వీలు అని దాని అర్థం, అందుకే పార్కింగ్ సౌకర్యం, లిఫ్టు సౌకర్యం అంటాం. అన్ని సౌకర్యాలూ ఉండి కూడా ఒక్క రాత్రి కూడా హాయిగా నిద్రపట్టని గదులు ఉంటాయి కదా.

వెచ్చనితో కూడా కాస్త జాగ్రత్త. వెచ్చని దుప్పటి, వెచ్చని ఒడి బాగుంటాయి. ఊరికే "గది వెచ్చగా ఉంది" అంటే మాత్రం ఫ్యాన్ వెయ్యమంటున్నారేమో అనిపిస్తుంది, "ఒళ్ళు వెచ్చగా ఉంది" అంటే జ్వరమే. అందుకని వెచ్చదనాన్ని దేనికో ఒకదానికి తగిలించి చెప్పాలి, దుప్పటికో, వెలుతురుకో. వార్మ్ లైట్‌ని వెచ్చని వెలుతురు అనచ్చు, పాత ఫిలమెంట్ బల్బు ఇచ్చే పసుపు వెలుతురు లాంటిది, బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉంటుంది, వెలుతురు రంగుని వేడి లెక్కలో చెప్పే కొలత అది. 6500 ఉన్నది తెల్లగా, చల్లగా ఉంటుంది. ఇక్కడ ఒక విచిత్రం, కొలతలో తక్కువ వేడి ఉన్నదే కంటికి వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే మన కన్ను ఆ పసుపులో నిప్పుని చూస్తుంది. కాంతి అని కాకుండా వెలుతురు అన్నాను గమనించారా, కాంతి దీపానిది, వెలుతురు గదిలో పరుచుకునేది. నల్లటి సామాను వెలుతుర్ని పీల్చేసుకుంటుంది కాబట్టి మంచం పక్కన చిన్న దీపం ఒకటి ఉండాలని చెప్పాలనుకుంటే "వెలుతురు" అనే మాటే పనికొస్తుంది.

మీ వాక్యంలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఇంకా చెప్పలేదు. "ఫర్నిచర్ గదికి రూపాన్ని ఇస్తుంది" అన్నారు. ఇంగ్లీషులో కుర్చీలూ గోడలూ కర్తలై పనులు చేస్తుంటాయి, గదిని చిన్నదిగా చూపిస్తాయి, వెచ్చదనాన్ని తెస్తాయి. తెలుగులో వస్తువు ఊరికే ఉంటుంది, మనం ఏదో చేస్తాం, అప్పుడు మనకి ఒకటి అనిపిస్తుంది. "నల్లటి సామాను మరీ ఎక్కువ పెడితే గది ఇరుగ్గా కనిపిస్తుంది", "పడుకుంటే హాయిగా ఉంటుంది". హాయి గదిది కాదు, అందులో పడుకున్నవాళ్ళది. "నాకు హాయిగా ఉంది" అంటాం గానీ "ఇది హాయైన గది" అని ఎంతమంది అంటారు చెప్పండి? కోజీ అనే విశేషణం కోసం వెతికినంత సేపూ మీకు దొరకనిది ఇందుకే, తెలుగు ఆ పనిని గది పక్కన పెట్టే మాటతో చెయ్యదు, మనిషి చేసే పనితో చేస్తుంది. కప్పుకుని, ముడుచుకుని, ఒదిగి, ఆనుకుని. వీటిలో చాలావాటి చివర "కుని" అని వినిపించే ఆ "కొను" ఉంది చూశారా, తన కోసం తను చేసుకోవడం, కోజీలో ఉన్న సుఖమంతా అందులో ఉంది. దుప్పటి కప్పింది అంటే ఎవరికో, కప్పుకుంది అంటే తనకి. గది సర్దింది అంటే పని, సర్దుకుంది అంటే ఇష్టం. "డెకరేట్ చేయడం"కి కూడా అందుకే అలంకరించడం వద్దంటాను, అలంకరణ పదిమందీ చూడ్డానికి. పడుకునే గదిని మనం సర్దుకుంటాం, తీర్చిదిద్దుకుంటాం.

ఆ "మరియు", ఆ "ఒక" కూడా తీసేయండి, రెండూ ఇక్కడ చేసే పనేమీ లేదు. నేనైతే మీ వాక్యాన్ని ఇలా రాస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి: "నల్లటి మంచం వేసుకుని, గోడలకి పాలమీగడ రంగు వేయించి, తలవైపు చిన్న దీపం పెట్టుకుంటే ఆ వెచ్చని వెలుతుర్లో దుప్పటి కప్పుకుని పడుకోవడానికి ఎంత హాయిగా ఉంటుందో." ఇందులో ఫర్నిచర్ దేన్నీ ఇవ్వట్లేదు, ఉన్నచోట ఉంది.

పడకగది అని రాయచ్చు, మాట్లాడేటప్పుడు మధ్యలో అచ్చు జారిపోయి పడగ్గది అవుతుంది, అదీ రాయచ్చు, తప్పేం లేదు. పాతవాళ్ళు పడకటిల్లు అనేవారు. అక్కడ ఇల్లు అంటే మొత్తం ఇల్లు కాదు, గదే, వంటిల్లులో ఉన్న ఇల్లు కూడా అదే. చివరగా మీ అద్దం. నిలువుటద్దమే సరైంది. నిలువు అనే మాట చివర ఉకారం ఉంది, పక్కన అద్దం అచ్చుతో మొదలైంది, విశేషణమూ విశేష్యమూ ఇలా కలిసినప్పుడు మధ్యలో ఒక ట్ వచ్చి చేరుతుంది, టుగాగమం అంటారు దాన్ని, చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధి పరిచ్ఛేదంలోనే చెప్పాడు. ఈ సూత్రం తెలియని వాళ్ళు కూడా నిలువుటద్దం అనే అంటారు. మీ నల్లటి బీరువా పక్కన పెట్టించుకుంటారేమో, పెట్టించుకోండి, దీపం అందులో కనబడేట్టు పెడితే గదిలో వెలుతురు ఇంకాస్త పెరుగుతుంది.