మే నెలలో కనిపించని చెట్టు లేనట్టేనా?

విజయవాడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "కొండపల్లి కొండల్లో, అక్కడి బొమ్మలు చెక్కడానికి వాడే తెల్ల పొణికి చెట్లు ఒకప్పుడు విరివిగా ఉండేవని మా నాన్నగారు చెబుతారు. నేను మే నెలలో రెండుసార్లు వెళ్లి తిరిగాను, ఒక్కటీ కనిపించలేదు. ఒక మొక్క అంతరించే స్థితికి చేరిందని ఎవరు, ఎలా నిర్ణయిస్తారు? ఈ చెట్టు అక్కడ అంతరించిందని నేను రాయవచ్చా?"

ఎవరు అన్నదానికి జవాబు చిన్నది. ప్రపంచ స్థాయిలో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ప్రకటించే, జీవజాతుల ముప్పును చెప్పే ఎర్ర జాబితా ఉంది, మన దేశంలో మొక్కల సర్వే చేసే ప్రభుత్వ సంస్థ బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద, రాష్ట్రాలను సంప్రదించి కేంద్ర ప్రభుత్వం అంతరించే దశలో ఉన్న జాతులను నోటిఫై చేస్తుంది. ఎలా అన్నదే అసలు సంగతి. మీరు రాసిన "మే నెల" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను, ఎందుకంటే సరిగ్గా అలాంటి తప్పే నేను పాతికేళ్ల క్రితం గుంటూరు దగ్గరి కొండవీడులో చేశాను.

అప్పుడు నేను గుంటూరులో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. కొండవీటి కొండ మీది మందుమొక్కల జాబితా తయారుచేయడం నా ప్రాజెక్టు. పాత జాబితాల్లో అగ్నిశిఖ అనే తీగమొక్క పేరు ఉంది కాబట్టి మార్చి చివర ఒకసారి, ఏప్రిల్‌లో రెండుసార్లు కోట మెట్ల దారిలోనూ, చెరువు గట్ల మీదా, బలుసు పొదల మధ్యా వడగాలిలో తిరిగాను. ఎక్కడా ఆనవాలు కూడా కనిపించలేదు. నివేదికలోని పట్టికలో దాని పేరు ఎదురుగా "స్థానికంగా అంతరించినది" అని రాశాను. ఆ మాట రాయడానికి నాకున్న ఆధారమల్లా మూడు రోజుల నడక. దానిని దిద్దిన పెద్దలు కూడా నువ్వు ఏ నెలలో వెళ్లావని అడగలేదు.

అక్టోబరులో సీతాఫలాల కాలంలో వేరే పని మీద మళ్లీ కొండ ఎక్కాను. దారిలో గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన కలిశాడు. తాతా, ఇక్కడ అగ్నిశిఖ ఉండేదా అని అడిగితే ఆయనకు ఆ పేరే తెలియదు. పసుపుగా విచ్చి ఎర్రగా మారే పువ్వని, రేకులు మంట నాలుకల్లా పైకి లేచి ఉంటాయని చెప్పేసరికి, "నాభి అని చెప్పవేందయ్యా, అది తింటే గొర్రె దక్కదు, నాకు తెలవదా?" అన్నాడు. ఎండాకాలంలో మూడుసార్లు వెతికినా దొరకలేదన్నాను. "ఎండల్లో యాడుంటదయ్యా, భూమిలో పడుకుంటది. వానలు పడ్డాక లేస్తది" అని చెప్పి, గొర్రెలను మనవడికి అప్పగించి నన్ను ఉత్తరపు వాలుకు తీసుకువెళ్లాడు.

ఏప్రిల్‌లో నేను రెండుసార్లు దాటిపోయిన పొద అది. ఆ ఒక్క పొదలోనే 11 తీగలు ఉన్నాయి. ప్రతి ఆకు కొస సన్నని నులితీగగా చుట్టుకుని బలుసు ముళ్లను పట్టుకుని పైకి పాకింది. నిన్న విచ్చిన పువ్వు అంచుల్లో ఇంకా పసుపు ఉంది, అంతకుముందు విచ్చినవి పూర్తిగా ఎరుపెక్కాయి. పెద్దాయన చేతికర్రతో మట్టి తొలిచి, నాగలి ఆకారంలో వంగిన దుంపను చూపించి, మళ్లీ జాగ్రత్తగా పూడ్చాడు. సంస్కృతంలో దీనికి లాంగలి (లాంగలం అంటే నాగలి) అన్న పేరు ఎందుకు వచ్చిందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. కొంచెం అవతల మోకాలి లోతు గుంటలు ఉన్నాయి. నాలుగైదేళ్లుగా ఎవరో వచ్చి పెద్ద దుంపలన్నీ తవ్వి బస్తాల్లో పట్టుకుపోతున్నారని, తన చిన్నతనంలో ఈ వాలు అంతా ఎర్రగా ఉండేదని ఆయన చెప్పాడు.

ఒక మొక్క స్థితిని అంచనా వేయడంలో ఉన్న కష్టమంతా ఆ వాలు మీదే ఉంది. నేను లేదని రాసినది ఉంది. అయితే ఉన్నదని రాసి ఊరుకున్నా తప్పే, ఎందుకంటే అది తగ్గిపోతోంది. ఐయూసీఎన్ కొలతల్లో ఒకటి ఈ తగ్గుదలనే చూస్తుంది. పదేళ్లలో గాని, మూడు తరాల కాలంలో గాని, వాటిలో ఏది ఎక్కువైతే ఆ వ్యవధిలో, సంఖ్య ఎంత పడిపోయిందన్నది అక్కడ ప్రశ్న. ఆ వాలు పదేళ్ల క్రితం ఎలా ఉండేదో ఏ హెర్బేరియం షీటూ (ఎండబెట్టిన మొక్కను అతికించి, దొరికిన చోటు రాసి భద్రపరిచే కాగితం) చెప్పదు, రోజూ ఆ దారిన నడిచే మనిషే చెప్పగలడు. అందుకే స్థానికుల పేర్లు, స్థానికుల జ్ఞాపకం లేని అంచనాను నేను నమ్మను. అగ్నిశిఖ ఆసియా, ఆఫ్రికాల్లో విస్తారంగా పెరుగుతుంది కాబట్టి ప్రపంచ జాబితాలో దానికి పెద్దగా ముప్పు లేదని ఉంటుంది. అది నిజమే, కాని కొండవీటి వాలుకు ఆ మాట వర్తించదు. ప్రాంతీయ స్థాయిలో విడిగా అంచనా వేసే పద్ధతి కూడా ఐయూసీఎన్‌కు ఉన్నది అందుకే.

అంచనా అన్నది ఒకసారి వేసి వదిలేసేది కూడా కాదు. మన ఎర్రచందనాన్నే చూడండి. ప్రమాదంలో ఉన్న జాతిగా జాబితాలో ఉన్న ఆ చెట్టును 2018లో ఒక మెట్టు దించి "ముప్పుకు చేరువలో ఉన్నది" అన్నారు, కొన్నేళ్లు గడవకముందే తిరిగి ప్రమాదపు వర్గంలోకే చేర్చారు. ఏ చెట్టు జాతి లెక్కలోనైనా ముఖ్యమైనది అడవిలో నిలబడి ఉన్న చెట్ల సంఖ్య కాదు, పూత పూసి కాయ కాసే వయసుకు వచ్చిన చెట్ల సంఖ్య. అలాంటివి మొత్తం మీద 50 కన్నా తక్కువ మిగిలితే ఆ ఒక్క కారణం చాలు, ఆ జాతిని అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నట్టు లెక్కించడానికి.

పాత రికార్డుల విషయంలో ఇంకొక చిక్కు ఉంది, దీని మీద నాకు చాలాకాలంగా బాధ ఉంది. పాత షీటు మీద "గుంటూరు జిల్లా" అని మాత్రమే ఉంటే అది ఏ గుంటూరు? 1904లో ఏర్పడిన జిల్లాలో ఒంగోలు ప్రాంతం ఉండేది, 1970లో అది ప్రకాశంలోకి వెళ్లింది. 2022లో కొండవీడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా కుంచించుకుపోతే మొక్క అంతరించిందని రాసిన జాబితాలను నేను చూశాను. దయచేసి కొండ పేరు, వాలు, అక్షాంశ రేఖాంశాలు రాయండి. జిల్లా పేరు ఒక్కటీ రాస్తే యాభై ఏళ్ల తరువాత అది ఎవరికీ ఉపయోగపడదు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. కంకర క్వారీలు మన చుట్టూ ఉన్న కొండలను కరిగిస్తున్నాయి. ఆ కొండ మీద ఏముందో ఎవరూ లెక్కపెట్టకముందే కొండ లేకుండా పోతోంది. దానికి బదులుగా రోడ్ల మధ్య కోనోకార్పస్ అనే పరాయి చెట్లు నాటి పచ్చదనం పెరిగిందని చెప్పుకోవడం సరికాదు. పచ్చగా కనిపించినంత మాత్రాన అది మన నేల మొక్క కాదు.

ఇక మీ తెల్ల పొణికి. అది ఆకు రాల్చే చెట్టు. మే నెలలో కొత్తవారికి దాన్ని గుర్తుపట్టడం కష్టం. వానలు కురిసిన తరువాత, సెప్టెంబరులో వెళ్లండి. వెడల్పాటి ఆకును తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు ఉంటుంది. ఒంటరిగా వెళ్లకండి. ముందు కొండపల్లి బొమ్మల కాలనీలో వయసు మళ్లిన కళాకారులను కలిసి, తమ చిన్నతనంలో కర్ర ఏ లోయ నుంచి వచ్చేదో, ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో అడిగి రాసుకోండి. రిజర్వు ఫారెస్టు కాబట్టి అటవీ శాఖ అనుమతి తీసుకోండి. పెద్ద చెట్లను లెక్కపెట్టి ఊరుకోకుండా వాటి చుట్టూ పిల్ల మొక్కలు ఉన్నాయో లేవో చూడండి. ఈ జాతిలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. మిగిలిన పది చెట్లూ మగవే అయితే ఆ కొండ మీద ఒక్క కాయా కాయదు, కాబట్టి పూతలో ఉన్నప్పుడు ఇంకొకసారి వెళ్లక తప్పదు. కనిపించని రోజు కూడా తేదీ వేసి, ఏ దారిన ఎన్ని గంటలు వెతికారో రాసి పెట్టండి. మీ రెండు మే నెల నడకలను కూడా ఆ పుస్తకంలో మొదటి రెండు పేజీలుగా ఉంచండి. "అంతరించింది" అన్న మాటను మాత్రం ఇప్పుడే రాయకండి.