తరగతిలో చెల్లిన పేజీ వెబ్‌సైట్‌లో ఎందుకు చెల్లదు?

ప్రశ్న: పీజీ విద్యార్థుల కోసం నాలుగైదు పుస్తకాల నుంచి ఒక్కో అధ్యాయం జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తున్నాం. పుస్తకంలో పదిశాతం దాటితే తప్పేనని సహోద్యోగి అంటున్నారు. నిజమా?

జవాబు: మన చట్టంలో అలాంటి పదిశాతం లెక్క లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం, బోధనలో భాగంగా ఉపాధ్యాయులు గానీ విద్యార్థులు గానీ ఒక రచనకు నకలు తీసుకుంటే ఉల్లంఘన కాదు. ప్రశ్నపత్రంలో వాడుకోవడానికీ ఇదే సెక్షన్ వీలిస్తుంది.

‘బోధనలో భాగం’ అంటే ఎంతవరకు అన్నది ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ కేసులో చర్చకు వచ్చింది. ఇలాంటి జిరాక్స్ సంకలనాల మీదే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ రెండు సంగతులు తేల్చింది. బోధన అంటే తరగతి గదిలో చెప్పే ఆ గంట మాత్రమే కాదు. ఎన్ని పేజీలు తీశారన్నది కాదు, ఆ పాఠానికి అవి అవసరమా కాదా అన్నదే కొలమానం. 2017లో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. ఈ తీర్పుకు తెలుగు రాష్ట్రాల హైకోర్టులు కట్టుబడి తీరాలని లేదు గానీ, గట్టి ఆధారంగా చూపించుకోవచ్చు.

కాబట్టి ఆ అవసరం కాగితం మీద కనబడాలి. ప్రతి అధ్యాయం సిలబస్ పఠన జాబితాలో ఏ యూనిట్ కిందకు వస్తుందో రాసిపెట్టండి. నకలు మొదటి పేజీ మీద రచయిత, పుస్తకం, ప్రచురణ సంస్థ, సంవత్సరం ఉండాలి. కోర్సులో చేరినవారి సంఖ్యకు మించి తీయించకండి. మిగిలిన సెట్లు బయట అమ్ముడుపోతే మీ వాదనకు బలం పోతుంది. ఇక జాబితాలో ఒకే పుస్తకం ఉండి, దాన్నే అట్ట నుంచి అట్ట దాకా నకలు తీస్తే, అది పాఠం కోసమా, కొనకుండా ఉండటానికా అన్న ప్రశ్న తప్పదు.

ప్రశ్న: అదే సంకలనాన్ని పీడీఎఫ్ చేసి విభాగం వెబ్‌సైట్‌లో పెట్టవచ్చా?

జవాబు: పెట్టకండి. కాపీరైట్ ఉన్నవారికి నకలు తీయడం ఒక హక్కు, ప్రజలకు అందుబాటులో ఉంచడం మరో హక్కు. ఎవరైనా తెరవగల పేజీలో పెడితే మీ విద్యార్థులతో పాటు లోకమంతా చదువుతుంది. అప్పుడది బోధనలో భాగమని నిలబెట్టుకోవడం చాలా కష్టం. ఆ కోర్సు వారికే లాగిన్ ఉండే చోట పెట్టి, సెమిస్టర్ అయ్యాక తీసేయండి. వాట్సాప్ గ్రూపులో వేసిన ఫైలు ఒక్క ఫార్వర్డ్‌తో చేయిదాటిపోతుంది.

లైబ్రరీ చందా కట్టిన జర్నళ్ల సంగతి వేరు. అక్కడ ప్రచురణకర్తతో కుదిరిన ఒప్పందం ఏమంటుందో లైబ్రేరియన్‌ను అడగాలి. వ్యాసాన్ని డౌన్‌లోడ్ చేసి పంచేకంటే డీఓఐ లింకు (ఆ వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు లింకు) ఇవ్వడం మేలు. వందల వ్యాసాలు ఒక్కసారిగా దించితే ప్రచురణకర్త క్యాంపస్ మొత్తానికి ప్రవేశం ఆపేసే ప్రమాదమూ ఉంది.

ప్రశ్న: స్లయిడ్లలో బొమ్మల కింద ‘సౌజన్యం: గూగుల్’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గూగుల్ వెతికి చూపిస్తుందే తప్ప బొమ్మకు హక్కుదారు కాదు. అసలు పేజీకి వెళ్లి లైసెన్సు చూడండి. క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని హక్కుదారే ముందుగా ఇచ్చే లైసెన్సు) బొమ్మ అయితే కింద ఇలా రాయండి: బొమ్మ పేరు, చేసినవారి పేరు, పేజీ లింకు, లైసెన్సు పేరు (ఉదాహరణకు ‘సీసీ బై 4.0’), మీరేమైనా మార్చి ఉంటే ఆ మార్పు. లైసెన్సులో ‘ఎస్‌ఏ’ ఉంటే, మార్చిన బొమ్మను మీరూ అదే లైసెన్సు కింద పంచాలి. ‘ఎన్‌సీ’ ఉంటే వాణిజ్య ప్రయోజనానికి వాడకూడదు.

తెలుగులో పాఠాలు తయారుచేసేవారు లైసెన్సులోని ‘ఎన్‌డీ’ అనే షరతు దగ్గరే ఎక్కువగా పొరబడుతున్నారు. ఎన్‌డీ ఉన్నదాన్ని యథాతథంగా పంచవచ్చు, కానీ మార్పు చేసి పంచకూడదు. అనువాదం కూడా మార్పే. ఎన్‌డీ ఉన్న ఇంగ్లిష్ అధ్యాయాన్ని తెలుగు చేసి పంచాలంటే ఆ లైసెన్సు చాలదు, హక్కుదారును విడిగా అడగాలి. ఈమెయిల్‌లో వచ్చిన అనుమతి అయినా చాలు, దాచుకోండి. తెలుగులో పాఠ్యసామగ్రి ఇంత కొరతగా ఉన్నప్పుడు ఎన్‌డీ లేని మూలాన్ని మొదటే ఎంచుకుంటే ఎంతో శ్రమ మిగులుతుంది.

ప్రశ్న: నేను రాసిన వ్యాసాన్ని, నా నోట్సును నా విద్యార్థులకు ఇవ్వడానికీ అనుమతి కావాలా?

జవాబు: ప్రచురణ సమయంలో మీరు సంతకం చేసిన పత్రం తీసి చదవండి. హక్కులు పూర్తిగా రాసిచ్చి ఉంటే ముద్రిత పీడీఎఫ్‌ను బహిరంగంగా పెట్టలేరు. సమీక్ష ముగిసి ఆమోదం పొందిన మీ రాతప్రతిని, చాలా జర్నళ్లు కొంత గడువు తర్వాత పెట్టనిస్తాయి. నోట్సు విషయానికొస్తే, ఉద్యోగంలో భాగంగా తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యమే తొలి హక్కుదారని సెక్షన్ 17 చెబుతుంది. విశ్వవిద్యాలయం తన నియమాల్లో ఆ హక్కును అధ్యాపకులకే వదిలిందేమో చూసుకోండి.

విద్యార్థి ప్రాజెక్టును వచ్చే ఏడాది బ్యాచ్‌కు నమూనాగా పంచాలన్నా, దాని హక్కు సాధారణంగా ఆ విద్యార్థిదే. పంచేముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, అదీ మార్కులు వేశాక అడగడం ఇంకా మంచిది.