నీ పక్క సీట్లో కూర్చునే మనిషి గురించి

చిన్నీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చి, ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. తిట్లు నీకు కాదు, నాకే. "దానికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వేరా" అంటుంది. నాలుగేళ్లుగా జీతంలో దాచిన డబ్బంతా పెట్టి సెకండ్ హ్యాండ్ పోలో కారు కొన్నావట, దానికి లోపల ఉక్కు గొట్టాల రోల్‌కేజ్ వేయిస్తున్నావట, వచ్చే సీజన్ నుంచి జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో దిగుతావట. ఇంత పెద్ద సంగతి నీ నోటితో కాకుండా మీ అమ్మ ఏడుపులో వినాల్సి వచ్చిందే అని కోపం వచ్చింది. ఆ కోపం పొద్దుటికి పోయిందిలే.

నిద్ర మాత్రం పట్టలేదు. నీకు ఆరేళ్లప్పుడు మా ఇంటి ముందు ఆపిన కారెక్కి, డ్రైవర్‌కి దారి చదివి చెప్పే నావిగేటర్‌గా నేను కూర్చునే సీట్లో కూర్చుని, కాళ్లు కిందికి అందకపోయినా, ఏ మలుపు ఎంత గట్టిదో అంకెల్లో రాసుకున్న నా పాత నోట్స్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని "రైట్ ఫోర్, లెఫ్ట్ టూ, డోంట్ కట్" అని ఎక్కాలు చదివినట్టు చదివేదానివి. రాత్రంతా ఆ గొంతే చెవిలో తిరిగింది.

లైసెన్స్, మెడికల్, హెల్మెట్, మెడని కాపాడే హాన్స్, మంటలకి తట్టుకునే సూట్, ఇవన్నీ పోటీ ముందు జరిగే స్క్రూటినీలో వాళ్లే దగ్గరుండి చూస్తారు, నేను చెప్పక్కర్లేదు. నోట్స్ రాసుకోవడానికి దారి చూసొచ్చే రెక్కీ ముందు రాత్రి నిద్రపో. నీళ్లు తాగు. అంతే.

పొద్దున నీ మెసేజ్ చూశాను. "టైర్లు బాగుంటే సగం గెలిచినట్టే కదా మామయ్యా" అన్నావు. టైరు ముఖ్యమే, కాదనను. కానీ ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్, అదే డబ్ల్యూఆర్‌సీలో, పై తరగతి వాళ్లందరికీ టైరు ఒకటే కంపెనీది. 2021 నుంచి 2024 దాకా పిరెల్లి ఇచ్చింది, 2025లో హాంకూక్ వచ్చింది. అందరికీ ఒకటే టైరు అయినప్పుడు తేడా ఎక్కడొస్తుంది? పొద్దున్నే ఏ రకం బిగించుకున్నారు, సాయంత్రం దాకా దాన్ని ఎలా కాపాడుకున్నారు, అక్కడొస్తుంది. ఫిన్లాండ్ కుర్రాడు రోవన్‌పెరా 22 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయినవాడు, అంతకంటే చిన్న వయసులో ఎవరూ కాలేదు. అలాంటివాడు కూడా టైర్లు మారిన 2025 సీజన్ మొదట్లో బండి తన మాట వినక తంటాలు పడ్డాడు. మళ్లీ అదే ఏడాది కానరీ దీవుల తారు రోడ్డు మీద వాటితోనే గెలిచాడు. స్వీడన్ మంచులో ఒక్కో టైరుకి 384 మేకులుంటాయి. మొదటి స్టేజ్‌లోనే, అంటే టైమ్ కొలిచే మొదటి దారి ముక్కలోనే, బండిని అడ్డంగా జార్చుకుంటూ గొప్పగా నడిపితే మేకులు ఊడిపోతాయి, ఆఖరి స్టేజ్‌కి పట్టు మిగలదు. మాంటే కార్లోలో ఇంకా కష్టం. కొండ కింద పొడి తారు, పైన గడ్డకట్టిన మంచు. స్టేజ్ మొదలవడానికి ముందే ఆ దారిలో వేరే మనుషులు వెళ్లి, ఎక్కడ మంచుందో ఎక్కడ తడుందో చూసి నోట్స్‌లో దిద్ది పంపిస్తారు. డ్రైవర్ తన కళ్లతో చూడలేదు. ఇంకొకళ్లు రాసింది నమ్మి దిగాలి. ఈ మాట గుర్తుంచుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ టైర్ల కంపెనీలే ఏళ్ల తరబడి జట్లు నడిపాయి, ఎమ్మారెఫ్ ఒకవైపు, జేకే ఒకవైపు. సదాశివపేట మీదుగా వెళ్తుంటే కనిపిస్తుందే ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ, ఆ పేరు వేసుకున్న జట్టుతోనే 2022లో లారెనా అనే స్పెయిన్ కుర్రాడు యూరప్ చాంపియన్ అయ్యాడు. మన గౌరవ్ గిల్ 2013లో ఆసియా పసిఫిక్ టైటిల్ కొట్టింది కూడా ఆ జట్టులోనే. కాబట్టి మన టైరు తక్కువదని ఎవరైనా అంటే వినకు. నువ్వు చూడాల్సింది వేరే ఉంది. నీ డబ్బుకి ర్యాలీకి ఎన్ని టైర్లు వస్తాయో ముందు కాగితం మీద రాసుకో. పోలో ముందు చక్రాలతో లాగే బండి, ముందువే త్వరగా అరుగుతాయి. స్టేజ్‌ల మధ్య బండి బాగుచేసుకునే సర్వీస్‌లో ముందూ వెనకా మార్చడం మెకానిక్‌కి గుర్తు చెయ్యి. రెండు కొత్త టైర్లు ఆఖరి స్టేజ్‌ల దాకా ముట్టకు. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, స్టేజ్ అయ్యాక వేడి మీద ఒకసారి చూసి రాసుకో. స్టెప్నీ మార్చడం నువ్వూ నీ నావిగేటరూ కలిసి ఎండలో, చీకట్లో, వానలో ప్రాక్టీస్ చెయ్యండి. జాకీ, పానా ఎక్కడున్నాయో కళ్లు మూసుకుని తీయగలగాలి.

ఇక ఐదేళ్లలో డబ్ల్యూఆర్‌సీ అన్నావట మీ అమ్మతో. కలగను, నేనొద్దనను. ఫ్రాన్స్ డ్రైవర్ మిషెల్ మూటన్ 1981లో శాన్‌రెమో ర్యాలీ గెలిచింది, మరుసటి ఏడాది ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచింది. ఆడపిల్లవి నీకెందుకని ఎవరైనా అంటే ఆమె పేరు చెప్పు. ఆమె పక్కన నోట్స్ చదివిన ఫాబ్రిజియా పోన్స్ కూడా ఆడదే అని చెప్పు. కానీ లెక్క తెలుసుకుని కలగను. పై తరగతిలో ఉన్నవి మూడు జట్లు, టొయోటా, హ్యుందాయ్, ఎమ్-స్పోర్ట్ ఫోర్డ్. సీట్లు మొత్తం పదీ పన్నెండు. అందులో ఓజియే లాంటివాడు ఏడాదంతా రాకుండా కొన్ని ర్యాలీలే ఆడి 2025లో తొమ్మిదోసారి చాంపియన్ అయ్యాడు. ఆ ఏడాది చివర రోవన్‌పెరా సర్క్యూట్ రేసులకి వెళ్లిపోయాడు, ఇంకో మాజీ చాంపియన్ తనాక్ పక్కకి తప్పుకున్నాడు, అందుకే ఈమధ్య అందరూ ఎవరు ఏ జట్టులో అని మాట్లాడుకుంటున్నారు. నువ్వు మాత్రం ఆలివర్ సోల్‌బర్గ్‌ని చూడు. వాళ్ల నాన్న 2003 ప్రపంచ చాంపియన్. అయినా 2022 అయ్యేసరికి హ్యుందాయ్ వాళ్లు కుర్రాణ్ని వదులుకున్నారు. వాడు కిందికి దిగి రెండో తరగతిలో మళ్లీ మొదలుపెట్టాడు. 2025 జులైలో ఎస్టోనియాలో ఒక్క ర్యాలీకి టొయోటా పెద్ద కారు చేతికిస్తే, అదే ర్యాలీ గెలిచాడు. ఆ రెండున్నరేళ్లు కింద తరగతిలో మట్టి తిన్నాడే, నాకు వాడిలో నచ్చింది అది.

ఓజియే కంటే ముందే తొమ్మిదిసార్లు ప్రపంచ చాంపియన్ అయిన లోబ్‌కి ఆ తొమ్మిది టైటిళ్లకీ పక్క సీట్లో ఉన్నది ఒకే మనిషి, డేనియల్ ఎలెనా. ఓజియే మొదటి ఎనిమిదికీ పక్కన ఇంగ్రాసియా. జట్లు మారాయి, టైర్లు మారాయి, పక్క మనిషి మారలేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ సీటు గురించే. నీ హాస్టల్ ఫ్రెండ్‌ని నావిగేటర్‌గా పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. "నేనేం చెప్పినా ఊ కొడుతుంది, అందుకే మాకు బాగా కుదురుతుంది" అన్నావట. అది విన్నప్పుడే చిన్నీ నాకు నిజంగా భయమేసింది.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. పాతికేళ్ల కిందట చిక్‌మగళూరు కాఫీ తోటల్లో ఒక ర్యాలీ. బండి మారుతి ఎస్టీమ్. డ్రైవర్ నాకంటే పన్నెండేళ్లు పెద్ద, బండి ఆయనదే, డబ్బు ఆయనదే, నాకు ఈ ఆట నేర్పిందీ ఆయనే. అన్నా అని పిలిచేవాణ్ని. ఎదురు చెప్పడం అనేది నా ఊహలో కూడా లేదు. ఆ రోజు పొద్దున ఒక మలుపు అర సెకను ఆలస్యంగా చదివానని గట్టిగా అరిచాడు, నేను ముడుచుకుపోయాను. మధ్యాహ్నానికి మా క్లాస్‌లో రెండో స్థానంలో ఉన్నాం, ముందువాడికీ మాకూ ఎనిమిది సెకన్లు. టైర్లకి డబ్బు సరిపోక వెనక రెండూ పాతవే ఉంచేశాం.

ఆరో స్టేజ్ ముందు, కార్డులో మన సమయం రాసే టైమ్ కంట్రోల్ దగ్గర నాలుగు నిమిషాలు ముందే చేరాం. కార్డు పట్టుకుని దిగాను. తిరిగి వస్తూ వెనక ఎడమ టైరు చూశాను. సైడ్‌వాల్ మీద నా చూపుడు వేలంత గాటు. రాయి కోసేసింది. లోపలి దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. వంగి వేలు పెట్టి చూశాను కూడా. గాలి పోలేదు. మార్చాలంటే మూడు నిమిషాలు పైనే, స్టెప్నీ కూడా అరిగినదే. కార్డు ఇవ్వడం ఆలస్యమైతే నిమిషానికి పది సెకన్లు పోతాయి. తలెత్తి చూస్తే అన్న స్టీరింగ్ మీద వేళ్లు కొడుతూ ముందుకే చూస్తున్నాడు. చెబితే ఏమంటాడో అనుకున్నాను. పద్నాలుగు కిలోమీటర్లే కదా, ఆగుతుందిలే అనుకున్నాను. ఎక్కి బెల్టు బిగించుకుని నోట్స్ తెరిచాను.

తొమ్మిదో కిలోమీటరు దాటాక రైట్ ఫైవ్, ఎత్తు మీదుగా. కుడి మలుపులో బరువంతా ఎడమ వైపు పడుతుంది. టైరు పేలిన చప్పుడు వినిపించలేదు, వెనక భాగం తేలినట్టయింది. బండి సగం చుట్టు తిరిగి, మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టుకి అన్న వైపు తలుపుతో తగిలింది. నాకు మోచేయి గీసుకుపోయింది, అంతే. అన్న కుడి మోకాలు రెండు ముక్కలైంది. నలిగిన కాఫీ ఆకుల వాసన, వేడి ఆయిల్ వాసన, ఆయన మూలుగు. నేను దిగి, సాయం కావాలని చూపించే ఎస్ఓఎస్ బోర్డు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. చేతులు ఎంతగా వణికాయంటే, వెనక వచ్చిన బండివాడు ఆగి బోర్డు నా చేతిలోంచి తీసుకుని తను పట్టుకున్నాడు. అన్న మళ్లీ ఎప్పుడూ స్టేజ్ మీద కారు నడపలేదు. ఇప్పటికీ ఎడమ కాలి మీదే భారం వేసి నడుస్తాడు.

గాటు సంగతి ఆయనకి పదకొండేళ్ల తర్వాత చెప్పాను, వాళ్లమ్మాయి పెళ్లిలో, భోజనాలయ్యాక. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి "నువ్వు చెప్పినా వినేవాణ్ని కాదేమోరా" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుసు. వినేవాడో కాదో తేలాలంటే నేను నోరు తెరవాలి కదా. సంక్రాంతికి ప్రతి ఏడాదీ ఫోన్ చేస్తాడు, నేను ఆ మోకాలు ఎలా ఉందని అడుగుతాను, బాగుందంటాడు.

అందుకే అడుగుతున్నాను. ఆ పిల్ల నీకు "ఆపు" అని చెప్పగలదా? నువ్వు విసుక్కున్నాక కూడా రెండోసారి చెప్పగలదా? చెప్పలేకపోతే ఎంత బాగా చదివినా వద్దు. చెప్పగలిగేలా నువ్వు చేస్తే మాత్రం ఆమెకంటే మంచి మనిషి దొరకదు. అది నీ చేతిలోనే ఉంది. బండిలో ఆమె మీద ఒక్కసారి కూడా గొంతు పెంచకు. రెక్కీలో నోట్స్ రాసేటప్పుడు "ఇది ఫోర్ కాదు త్రీ" అని, అంటే ఇంకా గట్టి మలుపని, ఆమె అంటే త్రీ అనే రాసుకో, రెండో ట్రిప్పులో చూసి మార్చుకోవచ్చు. స్టేజ్ ముందు ప్రతిసారీ నాలుగు టైర్ల చుట్టూ ఆమె నడిచి రావాలి, లోపలి వైపు కూడా చేత్తో తడమాలి. బాగుంది అని ఆమె నోటితో చెప్పేదాకా నువ్వు గేరు వెయ్యకూడదు.

ఇంకొక్క భయం ఉంది, చెప్పి ఆపేస్తాను. మన ర్యాలీలు జరిగేది ఊళ్ల మధ్య. తాడు కట్టినా, మార్షల్ విజిల్ వేసినా గేదె వస్తుంది, పిల్లలొస్తారు. 2019లో రాజస్థాన్‌లో ఒక జాతీయ ర్యాలీ జరుగుతుండగా మోటార్ సైకిల్ మీద స్టేజ్‌లోకి వచ్చిన ముగ్గురు చనిపోయారు. రెక్కీలో ఇళ్లు కనిపించిన ప్రతి చోటా నోట్స్‌లో గుర్తు పెట్టించు, అక్కడ అనుమానమొస్తే కాలు తియ్యి, ఆ ర్యాలీ పోతే పోయింది. నువ్వే రోడ్డు తప్పితే మొదట వెనక వచ్చేవాళ్లకి తెలియజెయ్యి. 2020లో మోంజా ర్యాలీలో టొయోటా డ్రైవర్ ఎవాన్స్ పాయింట్లలో ముందుండి, మంచులో జారి కిందికి వెళ్లిపోయాడు. అప్పుడు కూడా వెనక వస్తున్న ఓజియేకి నెమ్మదించమని సైగ చేశాడు. ఓజియే నెమ్మదించాడు, ఆ టైటిల్ ఓజియేకే పోయింది. ఎవాన్స్ 2025 దాకా ఐదుసార్లు రెండో స్థానంలోనే ఆగిపోయాడు. అయినా నీకు చూపించడానికి నాకు అంతకంటే మంచి డ్రైవర్ కనిపించడం లేదు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. వెంటనే ఒప్పుకోదు, కానీ నీ మొదటి ర్యాలీకి పులిహోర కట్టుకుని సర్వీస్ పార్కుకి వస్తుంది, చూడు. నా ప్రెషర్ గేజ్ పంపుతున్నాను, జర్మనీ నుంచి తెప్పించుకున్నది, ఇంకా సరిగ్గానే చూపిస్తుంది. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఫోన్ చెయ్యి, నీ ఫ్రెండ్‌ని కూడా లైన్లో ఉంచు. పది నిమిషాలయ్యాక నువ్వు పెట్టేసెయ్. ఆ అమ్మాయితో నేను విడిగా మాట్లాడాలి.

మామయ్య