8 రోజుల్లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్: బీపీ ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలు చేస్తుంటాను. రోజూ పొద్దున్నే మైపాడు బీచ్ వైపు ఏడెనిమిది కిలోమీటర్లు నడుస్తాను. ఏటా అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్తాను, మా అబ్బాయి కంటే నేనే ముందు పైకి చేరతాను. ఐదేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటున్నాను. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు, హెచ్‌బీఏ1సీ 6.2, మందులు లేవు. నాలుగేళ్ల కింద కిడ్నీలో రాయి వచ్చి దానంతటదే పడిపోయింది. పట్టుబడి అయిపోయాక అక్టోబరులో మా వాకింగ్ బ్యాచ్ ఆరుగురం ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళ్దామనుకుంటున్నాం. మొత్తం 8 రోజుల ప్యాకేజీ, తిరుగు ప్రయాణం హెలికాప్టర్‌లో. గైడ్ ఉంటాడు, ఆక్సిజన్ ఉంటుంది, ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకుంటే ఏమీ కాదని ఏజెంట్ చెబుతున్నాడు. మా ఆవిడకు మాత్రం ఒకటే టెన్షన్. పదమూడేళ్ల పూర్ణ శిఖరమే ఎక్కినప్పుడు నేను కింద బేస్ క్యాంప్ దాకా వెళ్లలేనా? సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: వెళ్లొచ్చు. కానీ ఈ ప్యాకేజీలో వద్దు.

మీ ఉత్తరంలో నడక గురించి ఉంది, మెట్ల గురించి ఉంది. రాత్రుల గురించి ఒక్క ముక్క లేదు. కొండమీద మనిషి దెబ్బతినేది ఎక్కువగా నడకలో కాదు, నిద్రలో. ఈ మాట అందరికీ ఒకపట్టాన అర్థం కాదు గానీ, రొయ్యల గుంట చేసేవారు కాబట్టి మీకు తేలిగ్గానే చెప్పొచ్చు.

గుంటలో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎప్పుడు పడిపోతుంది? మిట్టమధ్యాహ్నం కాదు కదా. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలప్పుడు. పగలంతా బాగానే ఉన్న రొయ్య ఆ వేళకి పైకి తేలుతుంది, మీరు టార్చిలైటు పట్టుకుని ఏరేటర్ల దగ్గరికి పరుగెత్తుతారు. కొండమీద మనిషి కూడా అంతే. పగలు నడిచేటప్పుడు ఊపిరి గట్టిగా తీస్తాడు, ఆక్సిజన్ ఎలాగో సరిపెట్టుకుంటాడు. నిద్రపట్టాక ఊపిరి మందగిస్తుంది. కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్లీ ఒక్కసారిగా రొప్పుతూ మొదలవుతుంది. పక్క మంచం మీద మీ మిత్రుడు ఇలా చేస్తుంటే కంగారు పడకండి, ఆ ఎత్తులో చాలామందికి అది మామూలే. కానీ రక్తంలో ఆక్సిజన్ అప్పుడే బాగా దిగుతుంది. అందుకే పర్వత వైద్యంలో లెక్క పెట్టేది పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నది.

ఇప్పుడు మీ ప్యాకేజీని ఆ లెక్కలో చూద్దాం. ఏజెంట్ ఇచ్చిన కాగితం మీరు పంపలేదు. అయినా 8 రోజుల్లో బేస్ క్యాంప్ అంటే దారి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కాట్మాండూ 1,400 మీటర్లు. మర్నాడు విమానంలో లుక్లా, అక్కడినుంచి నడిచి ఫాక్‌డింగ్‌లో రాత్రి, 2,610. తర్వాత నామ్చే బజార్, 3,440. టెంగ్‌బోచె, 3,860. డింగ్‌బోచె, 4,410. లోబుచె, 4,940. లుక్లా దిగాక ఆరో రాత్రి గోరక్ షెప్, 5,164. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, అది చూసి వచ్చి గోరక్ షెప్‌లోనే పడుకుంటారు. పొద్దున్నే హెలికాప్టర్.

మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య 500 మీటర్లకు మించి ఎత్తు పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్లో రెండో రాత్రి ఉండాలి. మీ దారిలో ఫాక్‌డింగ్ నుంచి నామ్చేకి ఒక్క రోజులో 830 మీటర్ల పెరుగుదల. అది ఎవరికైనా తప్పదు, దారే అలాంటిది. అందుకే మామూలు ప్యాకేజీల్లో నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచెలో రెండు రాత్రులు ఉంచుతారు. మీవాళ్లు ఆ రెండు రోజులే కోసేశారు. ప్యాకేజీ చౌకగా కనపడటానికో, లీవు దొరకని ఉద్యోగస్తులకు నచ్చడానికో కోస్తారు. మీకు లీవు గొడవ లేదు. పట్టుబడి అయ్యాక గుంట ఎండబెట్టే రోజుల్లోనే కదా వెళ్లేది, ఇంకో రెండు రోజులు ఆగితే వచ్చే నష్టమేమిటి?

ఆగిన రోజు పడుకోవాల్సిన పనీ లేదు. నామ్చే నుంచి ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కి, కాఫీ తాగి, దిగొచ్చి మళ్లీ నామ్చేలోనే పడుకోవాలి. అది 3,880 మీటర్లలో ఉంటుంది. పైకెక్కి చూడు, కిందికి దిగి పడుకో. ఒంటికి ఎత్తు అలవాటు చేసే మంచి పద్ధతి ఇది.

ఇక తిరుమల సంగతి. అలిపిరి నుంచి 3,550 మెట్లు 54 ఏళ్ల వయసులో ఎక్కుతున్నారంటే గుండె, మోకాళ్లు బాగున్నాయని సంతోషించాల్సిందే. కానీ తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు. అక్కడ ఆయాసం వస్తే అది మెట్ల ఆయాసం, గాలి లోటు కాదు. బేస్ క్యాంప్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 శాతమే, కాకపోతే ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లే గాలే సగం. ఆ సగంతో మీ ఒళ్లు ఎలా సర్దుకుంటుందో మైపాడు ఇసుకలో ఎన్నేళ్లు నడిచినా తెలియదు. ఇంకా చెప్పాలంటే బాగా నడిచేవాళ్లకే ఎక్కువ ప్రమాదం. వాళ్లే ముందు వెళ్లిపోతారు, తలనొప్పి వచ్చినా చెప్పరు. ఆరుగురి బ్యాచ్‌లో మరీను. వెనకబడ్డానంటే నామోషీ.

ఈ మాట పుస్తకం చదివి మాత్రమే చెప్పడం లేదు. కొన్నేళ్ల కింద నేను విమానంలో లేహ్ వెళ్లాను. అది 3,500 మీటర్లు. రెండు రోజులు హోటల్లో రెస్ట్ తీసుకోమని డ్రైవర్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. డాక్టర్‌ని, నాకు తెలియదా అనుకుని మర్నాడే కారెక్కి ఇంకా పైనున్న ఖార్దుంగ్ లా కనుమకి వెళ్లాను. ఆ రాత్రి తల పగిలిపోయే నొప్పి, వాంతులు. గ్లాసుడు నీళ్లు కూడా ఇమడలేదు. బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్లాను. తెల్లారాక ఆ డ్రైవర్ నా మొహం చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ సిగ్గుగా అనిపించింది.

పూర్ణ గురించి రాశారు. 2014లో ఆ అమ్మాయి చేసింది నిజంగా గొప్ప పని. అయితే శిఖరం ఎక్కేవాళ్లు అంతకుముందే శిక్షణ తీసుకుంటారు, కొండమీద వారాల తరబడి ఉంటూ ఎక్కుతూ దిగుతూ ఒంటిని అలవాటు చేసుకుంటారు. వాళ్లకి వారాలు, మీకు ఆరు రాత్రులు. చిన్న వయసు కూడా ఇందులో రక్ష కాదు. పాతికేళ్లవాళ్లకూ ఎత్తు జబ్బు వస్తుంది.

ఇప్పుడు డయామాక్స్. ఏజెంట్ చెప్పింది సగం నిజం. ఆ మందు పనిచేస్తుంది. కిడ్నీల ద్వారా బైకార్బొనేట్‌ను బయటికి పంపి రక్తాన్ని కొంచెం ఆమ్లం వైపు తిప్పుతుంది, దాంతో ఊపిరి పెరుగుతుంది, రాత్రి ఊపిరి ఆగడమూ తగ్గుతుంది. మామూలుగా పెద్దవాళ్లకు 125 మిల్లీగ్రాములు, అంటే 250 మాత్రలో సగం, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తాం. వేళ్లు, పెదాలు తిమ్మిర్లెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, సోడా తాగితే చప్పగా ఉంటుంది. ఇవేవీ భయపడాల్సినవి కావు.

మీ విషయంలో చిక్కు వేరే ఉంది, ఏజెంట్‌కు తెలియనిది. ఈ మందు మూత్రాన్ని క్షార గుణానికి మారుస్తుంది, దానివల్ల కొన్ని రకాల కిడ్నీ రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. మీకు ఒకసారి వచ్చింది. పైన గాలి పొడిగా ఉంటుంది, చలికి దాహం తెలియదు, రాత్రి లేవాలని బద్ధకించి నీళ్లు మానేస్తారు. నాలుగు వేల మీటర్ల పైన, మైనస్‌లో చలి, నడుములో రాయి నొప్పి. ఊహించుకోండి. ఒకసారి రాయి వచ్చినంత మాత్రాన మందు పూర్తిగా నిషేధమని కాదు. కానీ ఇప్పుడు లోపల ఇంకో రాయి ఉందో లేదో అల్ట్రాసౌండ్‌లో చూడకుండా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా నేనైతే రాయను. సల్ఫా మందులు ఎప్పుడైనా పడలేదా అన్నది కూడా చెప్పాలి. అన్నీ బాగుండి వాడదామనుకుంటే ముందు ఇంట్లో రెండు రోజులు వేసి చూసుకోవాలి, కొత్త మందు కొండమీద మొదలుపెట్టకూడదు. నిజానికి రెండు రాత్రులు కలుపుకుని నెమ్మదిగా ఎక్కితే మీకు ఈ మాత్ర అవసరమే రాకపోవచ్చు.

బీపీ మందు మానకండి. ఎత్తుకు వెళ్లిన మొదటి రోజుల్లో మామూలు మనుషులకే బీపీ పెరుగుతుంది. మీరు వాడే టెల్మిసార్టాన్ మీద ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ఎత్తులోనే ఒక పరిశోధన జరిగింది. 3,400 మీటర్ల దాకా అది బీపీని బాగానే తగ్గించింది. 5,400 దగ్గర మాత్రం దాని ప్రభావం కనపడలేదు. అదీ 80 మిల్లీగ్రాముల డోసుతో. కాబట్టి ఇక్కడ నెల్లూరులో 130 చూపించిన మనిషి పైన 160 చూపిస్తే ఆశ్చర్యం లేదు. వెళ్లేముందు ఓ రెండు వారాలు ఇంట్లో ఉదయం, సాయంత్రం బీపీ రాసిపెట్టండి. ఇక్కడే 140 దాటుతుంటే ముందు మందు సర్దాలి, ప్రయాణం తర్వాత. మీ వయసుకి ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం బ్యాచ్ మొత్తానికి చదివి వినిపించండి. మోకాళ్ల నొప్పులకి, ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి జేబులో వేసుకుని వెళ్తారు చాలామంది. టెల్మిసార్టాన్ వాడుతూ, ఒంట్లో నీళ్లు తగ్గి ఉండగా, పైగా డయామాక్స్ కూడా తోడై, దాని మీద ఈ నొప్పి మాత్రలు వేస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. నొప్పికి పారాసిటమాల్ చాలు.

ఇక మీ ఆవిడ సర్దబోయే కర్పూరం. అమర్‌నాథ్ వెళ్లేవాళ్లు చిన్న గుడ్డలో మూటగట్టి వాసన చూస్తుంటారు, మా ఇంట్లోనూ సర్దారు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, రక్తంలోకి ఆక్సిజన్ వచ్చేదేమీ లేదు. దారిలో వెల్లుల్లి సూప్ ఇస్తారు, రుచిగా ఉంటుంది, తాగండి. అదీ మందు కాదు. డబ్బాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ నిమిషాల్లో అయిపోతుంది. నిద్రమాత్రలు, మందు పార్టీలు మాత్రం దిగొచ్చేదాకా వద్దు. రెండూ ఊపిరిని ఇంకా అణచేస్తాయి.

స్మార్ట్ వాచీలో ఇక్కడ 98 చూపించే ఆక్సిజన్ పైన 80 దగ్గరికి వస్తుంది. ఆ ఎత్తులో అది మామూలే. చలికి వేళ్లు బిగుసుకుంటే తప్పు అంకె కూడా చూపిస్తుంది. అంకెను కాదు, మనిషిని చూడండి. తలనొప్పి, దానితోపాటు ఆకలి లేకపోవడమో, వికారమో, కళ్లు తిరగడమో, లేవలేనంత నీరసమో ఉంటే, వేరే కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు జబ్బే. ‘ఎండ తగిలింది’, ‘నిద్ర చాల్లేదు’ అని సర్దిచెప్పుకోకండి. అక్కడే ఆగాలి, ఆ రాత్రి ఒక్క మీటరు కూడా పైన పడుకోకూడదు. తగ్గకపోతే దిగాలి.

రెండు లక్షణాలకి మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. ఒకటి, మనిషి నేలమీద గీతపై మడమకి వేళ్లు ఆనించి పది అడుగులు వేయలేకపోవడం, తాగినవాడిలా తూలడం, మాట తికమకగా ఉండటం. మెదడు వాచిందని అర్థం. రెండు, కూర్చుని ఉన్నా ఆయాసం, దగ్గు, నురగలాంటి కళ్లె. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెంటికీ అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజన్, ఇంజక్షన్లు దిగడానికి సాయం మాత్రమే. హెలికాప్టర్ ఉంది కదా అనుకుంటారు. రాత్రిపూట, మబ్బు పట్టినప్పుడు అది రాదు. మా తుపాను రోజుల్లో బోటు వస్తుందని ఎదురుచూసినట్టే. అప్పుడు నడిపించో, మోసుకునో దించాలి. ఎవరు తోడు దిగుతారో ముందే అనుకోండి. డింగ్‌బోచె పక్కన ఫెరిచెలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్ ఉంది, 1970ల నుంచీ నడుస్తోంది. ట్రెక్కింగ్ సీజన్లో అక్కడ డాక్టర్లు ఉంటారు. అక్టోబరు ఆ సీజనే. ఏ కాస్త అనుమానం వచ్చినా ఒంటిని వాళ్లకి చూపించుకున్నాకే లోబుచె వైపు కదలండి.

నెమ్మదిగా వెళ్లడానికి బ్యాచ్ ఒప్పుకోకపోతే అన్నపూర్ణ బేస్ క్యాంప్ ఆలోచించండి. అది 4,130 మీటర్లే, గాలి కాస్త దయగా ఉంటుంది. రాత్రుల లెక్క అక్కడా ఉంటుంది, కొండలు మాత్రం ఏమాత్రం తీసిపోవు.

ఈలోగా బీచ్‌లో బల్లపరుపు నడక తగ్గించి, వారానికి రెండుసార్లు నరసింహకొండ ఎక్కండి. భుజాన ఆరేడు కిలోల బ్యాగు, పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగే వేగం. దిగేటప్పుడు మోకాళ్లు ఎలా ఉన్నాయో గమనించండి.

బుకింగ్ అడ్వాన్సు కట్టేముందు ఏజెంట్‌ని ఒకటే అడగండి: నామ్చేలో ఎన్ని రాత్రులు, డింగ్‌బోచెలో ఎన్ని? రెండేసి అని కాగితం మీద రాసిస్తే, అల్ట్రాసౌండ్, క్రియాటినిన్, ఈసీజీ రిపోర్టులు, రెండు వారాల బీపీ రీడింగులు పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డయామాక్స్ మాత్రం ఇప్పుడే కొనకండి.